నా పెయ్యి మీద నీ సంతకమేంది?

ఆగస్టు రెండో వారం. అంకాపూర్‌లో మా మేనమామ వాళ్ల అరుగు మీద పచ్చి మక్క కంకుల కుప్ప పడి ఉంది. పసుపులో అంతరపంటగా వేసిన మక్క అది. కంకులు విరిచి, చొప్ప తీసేస్తే కింద పసుపుకు ఎండ తగులుతుంది. అత్త కూర్చుని కంకుల పొట్టు ఒలుస్తోంది. నేను ఆమె ముందు నాలుగు కాగితాలు పెట్టాను. వారం కింద ఆర్మూరు దగ్గర ఒక ఊళ్లో మేం పెట్టిన అవయవదాన శిబిరంలో మామ నింపి ఇచ్చిన ఫారాలు. ఒకటి ఆయనది, ఒకటి అత్తది, ఒకటి సౌదీలో ఉన్న కొడుకుది, ఇంకొకటి కోడలిది. నాలుగింటి మీదా సంతకం చేసిన చెయ్యి ఒక్కటే.

అత్త చదువుకోలేదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "గిదేంది అల్లుడా?" అంది. చెప్పాను. ఏమీ అనలేదు. ఇంకో కంకి ఒలిచి పక్కన పెట్టింది. అప్పుడు మామ వైపు తిరిగింది.

"నా పెయ్యి మీద నీ సంతకమేంది? పసుపు బస్తా అనుకున్నవా, నన్నడగకుంట తూకమేసి వచ్చినవు?"

"మంచి పనేనే. పుణ్యమొస్తది" అన్నాడు మామ.

"పుణ్యమైతే నీది నువ్వియ్యి."

మామ చిన్నవాడేమీ కాదు. విత్తన కంపెనీతో జొన్నకో సజ్జకో ఒప్పందం రాసుకునేటప్పుడు రేటు ఎంత, డబ్బు ఎన్నాళ్లకు, మొలక రాకపోతే నష్టం ఎవరిది అని కాగితం చివరి దాకా చదివించుకునే మనిషి. అంకాపూర్ రైతుకు కాగితం కొత్త కాదు. అలాంటి మనిషి ఒంటిని రాసిచ్చే కాగితాన్ని చదవకుండా నాలుగుసార్లు సంతకం చేశాడు. ఎందుకంటే ఆ రోజు టేబుల్ మీద కట్ట పెట్టి, "ఇంటికి ఎన్ని కావాలంటే అన్ని తీసుకోండి" అన్నది నేనే. సాయంత్రానికి అరవై పైచిలుకు ఫారాలు వచ్చాయి. ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాను. ఇంట్లో చెప్పి రాస్తున్నారా అని ఒక్కరినీ అడగలేదు.

కాబట్టి ఈ అధ్యాయంలో అవయవదానం గొప్పతనం గురించి చెప్పను. అది మీకు తెలుసు. అవును అనడం ఎలా, కాదు అనడం ఎలా, ఆ మాట అవసరమైన రోజున మన తరఫున నిలబడేట్టు చేయడం ఎలా అన్నదే ఇక్కడ విషయం.

ముందు ఒక పొరపాటు తీసేద్దాం. "నేను అవయవదానం రాసిచ్చాను" అనే చాలామంది మూడు వేర్వేరు సంగతుల్ని ఒకటిగా కలిపేస్తారు. ఇంట్లో, మంచం మీద, వయసు మీదపడి పోయే మనిషి గుండె గానీ కాలేయం గానీ ఎవరికీ పనికిరావు. గుండె ఆగిన కాసేపటికే లోపలి అవయవాలు పాడైపోతాయి. అంకాపూర్‌లో ఇంటి దగ్గర పోయినవాళ్లు ఇవ్వగలిగేది ప్రధానంగా కళ్లు. అవి కూడా ఆరు గంటల లోపే తీయాలి. లోపలి అవయవాలు ఇవ్వాలంటే మెదడు పూర్తిగా చచ్చిపోయి, ఐసీయూలో వెంటిలేటర్ మీద గుండె ఇంకా కొట్టుకుంటూ ఉండాలి. 44వ నంబరు హైవే మీద తలకు దెబ్బ తగిలి హైదరాబాద్ పెద్దాసుపత్రికి చేరినవాళ్ల విషయంలో, మెదడులో నరం చిట్లినవాళ్ల విషయంలో ఆ పరిస్థితి వస్తుంది. మూడోది మొత్తం శరీరాన్ని మెడికల్ కాలేజీకి ఇవ్వడం. దాని కాగితాలు వేరు, అడిగేవాళ్లు వేరు. కళ్లు తీశాక కూడా కాలేజీలు శరీరాన్ని తీసుకుంటాయి. లోపలి అవయవాలు తీశాక సాధారణంగా తీసుకోవు. మామ తన ఫారంలో అన్నింటికీ టిక్కు పెట్టి, కింద 'బాడీ కూడా' అని రాశాడు. ఆయన మనసు పెద్దదే గానీ ఆ రెండూ ఒకేసారి కుదరవు.

ఇప్పుడు ఐసీయూ సంగతి. ఇక్కడే కొంచెం నిదానించాలి.

మన పత్రికలు 'జీవన్మృతుడు' అని రాస్తాయి. నాకు ఆ మాట నచ్చదు. అందులో 'జీవన్' ఉంది కాబట్టి విన్నవాళ్లు సగం ప్రాణం ఇంకా ఉందనుకుంటారు. కోమాలో ఉన్న మనిషి లేవచ్చు. మెదడు కాండం చచ్చిపోయిన మనిషి లేవడం ఉండదు. అది చావే. కానీ కళ్లకు అలా కనిపించదు. ఛాతీ లేస్తూ పడుతూ ఉంటుంది, చెయ్యి వెచ్చగా ఉంటుంది, తెరమీద గుండె గీత నడుస్తూనే ఉంటుంది. ఆ చెయ్యి పట్టుకున్న తల్లికి "అమ్మా, మీ బాబు పోయాడు" అని చెప్తే ఎలా నమ్ముతుంది? అందుకే చట్టం గట్టిగా ఉంది. నలుగురు డాక్టర్లు చూడాలి. ఆసుపత్రి బాధ్యుడు, స్వతంత్ర స్పెషలిస్టు ఒకరు, నరాల డాక్టరు, వైద్యం చేస్తున్న డాక్టరు. పరీక్షలు కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు చేయాలి. వాటిలో ఒకటి ఊపిరి పరీక్ష. వెంటిలేటర్ ఆపి, ఆక్సిజన్ మాత్రం అందిస్తూ, రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగినా మనిషి తనంతట ఒక్క శ్వాసయినా తీసుకుంటాడేమో చూస్తారు. అవయవం మార్చే డాక్టర్లకు ఈ నిర్ధారణలో వేలు పెట్టే వీల్లేదు. దాతగా పేరు రాసుకుంటే వైద్యం సగంలో వదిలేస్తారేమో అన్న భయం మా మామకూ ఉంది, పైకి చెప్పడు. ఈ కట్టుబాటు పెట్టింది ఆ భయం కోసమే.

ఆ రెండు పరీక్షల తర్వాత ఒక మనిషి బయటికి వచ్చి ఒక గదిలో కుటుంబంతో కూర్చుంటారు. కో-ఆర్డినేటర్ అంటారు. అవయవాలు ఇస్తారా అని అడిగే మాటకు జవాబు చెప్పేది చనిపోయిన మనిషి కాదు. మీ భార్య, కొడుకు, తమ్ముడు. అది కూడా నిద్రలేని రెండో రాత్రో మూడో రాత్రో, చేతిలో బిల్లులతో. మరి మీరు రాసిచ్చిన దాత కార్డు ఏమైనట్టు?

చట్టం మాటలు చూస్తే కార్డుకు బలం ఉంది. ఇద్దరు సాక్షుల ముందు రాతపూర్వకంగా సమ్మతి ఇచ్చి, తర్వాత వెనక్కి తీసుకోని మనిషి కోరికను శవం ఎవరి అధీనంలో ఉందో వాళ్లు గౌరవించాలి. కార్డే లేకపోతే నిర్ణయం వాళ్లదే. అప్పుడు కూడా దగ్గరి బంధువుల్లో ఒక్కరు అభ్యంతరం చెప్పినా ఆగిపోవాలి. ఆచరణలో ఈ రెండింటి మధ్య తేడా దాదాపు చెరిగిపోతుంది. కార్డు ఉన్నా సరే, కుటుంబం 'వద్దు' అంటే డాక్టర్లు ముందుకు పోరు. ఏడుస్తున్న ఇంటితో కొట్లాడి గుండె తీసే ఆసుపత్రి ఉండదు, ఉండకూడదు.

ఇది మన దగ్గరే అనుకోకండి. స్పెయిన్ 1979లోనే, వద్దని చెప్పనివాళ్లంతా ఒప్పుకున్నట్టే అని చట్టం చేసింది. ఇంగ్లండ్ 2020లో ఆ దారికి వచ్చింది. అయినా రెండు చోట్లా కుటుంబాన్ని అడుగుతూనే ఉన్నారు. స్పెయిన్‌లో పది లక్షల జనాభాకు ఏటా దాదాపు 50 మంది మరణానంతర దాతలు ఉంటున్నారు. అక్కడివాళ్లు దానికి కారణంగా చట్టం కంటే ఎక్కువగా, 1989 నుంచి ప్రతి పెద్దాసుపత్రిలో తయారుచేసుకున్న కో-ఆర్డినేటర్లనే చూపిస్తారు. తెలంగాణలో 2024లో పది లక్షలకు 4.88 మంది. దేశం సగటు 0.8. అంటే మనం దేశంలో ముందున్నాం. ఇది 2013 నుంచి నిమ్స్ ఆసుపత్రి కేంద్రంగా అవయవదాన పథకం జీవన్‌దాన్ పట్టుకొచ్చిన పని. 2024లో రాష్ట్రంలో 188 కుటుంబాలు ఆ గదిలో కూర్చుని 'సరే' అన్నాయి.

మనకు పత్రికల్లో కనిపించేది మాత్రం ఆ గది కాదు. 2021 ఫిబ్రవరి 2న నల్గొండ వైపు రైతు ఒకరి గుండెను నాగోలు నుంచి జూబ్లీహిల్స్‌కు మెట్రో రైల్లో తీసుకుపోయారు. పెట్టె పట్టుకుని డాక్టర్లు పరుగెత్తే ఫొటో అందరికీ గుర్తుంది. గుండెకు నాలుగు నుంచి ఆరు గంటలే గడువు, అందుకే ఆ పరుగు. ఆ రైతు ఇంటివాళ్లు ఏ మాటల మీద, ఎంతసేపు, ఎవరి వంక చూసుకుంటూ ఒప్పుకున్నారో ఏ ఫొటోలోనూ లేదు. నాకు ఆ పెట్టె కన్నా ఆ గది మీదే ఆసక్తి.

అందుకని దాత కార్డును నేను ప్రభుత్వానికి ఇచ్చే కాగితంగా చూడడం మానేశాను. అది ఇంటివాళ్లకు రాసే ఉత్తరం. 'ఆ రోజు నువ్వు ఊహించుకోనక్కర్లేదు, నా మాట ఇదీ' అని. ఉత్తరం రాసి పెట్టెలో దాచుకుంటే ఎంత ఉపయోగమో, చెప్పకుండా రాసిన కార్డూ అంతే. తెలివైనవాళ్లు ఎవరో ఈ ఇబ్బంది ముందే ఊహించారు. 2014 నిబంధనల్లో ప్రతిజ్ఞకు పెట్టిన 7వ నంబరు ఫారంలో ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి, వాళ్లలో ఒకరు దగ్గరి బంధువై ఉండాలి. అంటే ఇంట్లో చెప్పకుండా ఆ కాగితం పూర్తి కాదు. (మామ ఆ అడ్డంకినీ దాటాడు. అత్త ఫారంలో దాతగా సంతకం ఆయనే, సాక్షిగా సంతకమూ ఆయనే.) ఇప్పుడు కేంద్ర సంస్థ నోట్టో పోర్టల్‌లో ఆధార్ నంబరు, ఓటీపీతో కొన్ని నిమిషాల్లో పని అయిపోతుంది. 2023 సెప్టెంబరు నుంచి లక్షల మంది అలా నమోదు చేసుకున్నారు. మంచిదే. కాకపోతే పక్క గదిలో ఉన్న భార్యకు తెలియకుండా కూడా అయిపోతుంది.

చట్టం సంగతి వచ్చింది కాబట్టి ఒక్క మాట. ఉమ్మడి రాష్ట్రం 1995లో సొంత చట్టం చేసుకుంది. 2011లో కేంద్రం సవరించిన చట్టాన్ని స్వీకరిస్తూ తెలంగాణ శాసనసభ 2025 మార్చిలో తీర్మానించింది. మీ చేతిలోని ఫారం ఏ కాలం నాటిదో చూసుకుని కొత్తదే నింపండి.

ఇక ఊరుమ్మడి సమ్మతి. ఆర్మూరు వైపు గ్రామాభివృద్ధి కమిటీ మాటకు ఎంత బలం ఉంటుందో అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఒక శిబిరంలో ఒక పెద్దమనిషి ఎంతో ప్రేమగా నాతో అన్నాడు: "మీరు ఇంటింటికీ తిరుగుడెందుకు సారూ, కమిటీల తీర్మానం జేస్తం, ఊరు ఊరంత రాసిస్తది." ఆ రోజు నాకు ఆ మాట ఎంతో తియ్యగా అనిపించింది. ఇప్పుడు అది విన్నా భయమే. చెరువు తవ్వడానికి, గుడి కట్టడానికి తీర్మానం సరే. ఒకరి ఒళ్లు ఇంకొకరి తీర్మానంలో ఉండదు. హన్మకొండ జిల్లా ముచ్చర్ల నేత్రదానానికి పేరు పడ్డ ఊరు. అలాంటి ఊళ్లను చూసి స్ఫూర్తి పొందండి. కానీ ఏ ఊరైనా, చావు జరిగిన ప్రతి ఇంట్లో ఆ రోజు మళ్లీ విడిగా అడగాల్సిందే. పక్కింటివాళ్లు ఇచ్చారు కాబట్టి మేమూ ఇవ్వకపోతే పరువు పోతుందని ఇచ్చేదాన్ని దానం అనలేం.

బతికుండగా ఇచ్చే కిడ్నీ విషయంలో ఈ ఒత్తిడి ఇంకా బిగుసుకుంటుంది. మన దేశంలో బతికుండగా అవయవం ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పుచ్చుకునేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు. భర్తకు కిడ్నీ పోతే భార్యను అడగరు, 'ఇస్తుందిలే' అనుకుంటారు. డబ్బు చేతులు మారితే అయిదు నుంచి పదేళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి దాకా జరిమానా ఉంది. ఇంట్లోవాళ్ల చూపులకు మాత్రం ఏ చట్టంలోనూ జరిమానా లేదు. ఆ స్థితిలో మీరుంటే, డాక్టరుతో ఒంటరిగా మాట్లాడతానని అడగండి. అడిగే హక్కు ఉంది. ఇష్టం లేదని తెలిస్తే, 'వైద్యపరంగా సరిపోలేదు' అని మాత్రమే బయటికి చెప్పే డాక్టర్లు ప్రపంచమంతా ఉన్నారు. అది అబద్ధమా అని వాదించేవాళ్లుంటారు. నాకు మాత్రం అది ఒక ఆడమనిషికి తలుపు తీసిపెట్టడంలా కనిపిస్తుంది.

సరే, ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి? అందరినీ కూర్చోబెట్టి ఉపన్యాసం ఇవ్వకండి. మీది మాత్రమే చెప్పండి. "నాకేమన్నా అయి, డాక్టర్లు మెదడు పోయిందని రెండుసార్లు తేలిస్తే, నా కిడ్నీలు, కాలేయం ఇవ్వండి. గుండె కూడా. చర్మం వద్దు." ఇంత స్పష్టంగా. ఫారంలో ఏది ఇస్తారో ఏది ఇవ్వరో విడివిడిగా ఎంచుకునే వీలుంది, వాడుకోండి. ఎదుటివాళ్ల జవాబు అదే రోజు అడగకండి. ఎప్పుడో పొలం కాడ నుంచి వస్తూ వాళ్లే ఎత్తుకుంటారు.

ఆసుపత్రి గదిలో నిజంగా ఎవరుంటారో ఆలోచించండి. నిజామాబాద్ జిల్లాలో చాలా ఇళ్ల పెద్దకొడుకు గల్ఫ్‌లో ఉంటాడు. అందరూ అతని ఫోను కోసం చూస్తారు. సంతకం మాత్రం ఇక్కడున్న అల్లుడో తమ్ముడో దగ్గరుండి పెట్టిస్తాడు. ఇద్దరికీ ముందే తెలియాలి. కళ్లయితే మరీను. కొడుకు విమానం దిగేదాకా ఫ్రీజర్ పెట్టెలో పెడతాం, సరే. కానీ కంటికి ఆరు గంటలే. ఫోనులో 'వద్దు, నేనొచ్చేదాకా ఆగండి' అనే ఒక్క మాటతో అది అయిపోతుంది. ప్రాణం పోగానే రెప్పలు మూసి, తడి దూది వేసి, ఫ్యాను ఆపి, తల కింద దిండు పెట్టి ఐ బ్యాంకుకు ఫోను చేయాలి. వాళ్ల పని ఇరవై నిమిషాలు. కళ్లజోడు ఉన్నా, శుక్లాల ఆపరేషను అయినా పర్వాలేదు. ముఖం వికారంగా మారదు, దహనానికీ ఖననానికీ ఆటంకం లేదు.

ప్రమాదం కేసయితే పోలీసుల పని, పోస్టుమార్టం ఎలాగూ ఉంటాయి. దానం చేసినా అవి తప్పవు. అందుకే ఓపిక కావాలని ముందే చెప్పి పెట్టండి. ఒప్పుకున్నాక అవయవాల కోసం అయ్యే ఖర్చు మీ కుటుంబం మీద వేయకూడదు. వేస్తే ఎదురడగండి. ఎవరికి అమర్చారో మీకు చెప్పరు, మీ పేరు వాళ్లకూ చెప్పరు. సందేహాలుంటే నోట్టో ఉచిత నంబరు 1800114770.

మనసు మారితే? మార్చుకోండి. పోర్టల్‌లో వెనక్కి తీసుకునే వీలుంది, ఇంట్లో నోటిమాటగా చెప్పినా చెల్లుతుంది. వద్దు అనుకుంటే అది కూడా చెప్పి పెట్టండి. 'వద్దు' అన్న మనిషిని స్వార్థపరురాలిగా చూసే దాత నా దృష్టిలో ఇంకా దాత కాలేదు. నేను ఇది అత్త దగ్గర నేర్చుకున్నాను.

ఆ సాయంత్రం ఆ నాలుగు ఫారాల్లో మూడు చించేశాను. కోడలు తనకు టైము కావాలంది. రెండో శుక్రవారం, సౌదీలో సెలవు రోజు, కొడుకు వీడియో కాల్‌లో ఉన్నప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. అత్తే ఎత్తుకుంది.

"నా కండ్లు ఇస్తనంటున్న. లోపలియి మాత్రం ముట్టనియ్యకు. నువ్వు యాదిపెట్టుకో."

"ఇప్పుడెందుకమ్మా గా ముచ్చట?"

"ఇప్పుడు గాకపోతే ఎప్పుడు చెప్తరా, సచ్చినంకనా?"

వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. "బాపేమన్నడు?" అని అడిగాడు.

"ఆయన కాయిదం ఆయనది" అంది.

కొత్త ఫారం తీశాను. సాక్షిగా దగ్గరి బంధువు కావాలి కదా, మామను పిలిచింది. సంతకం చేసే ముందు పైకి చదవమంది. మామ కళ్లజోడు తుడుచుకుని మొదలుపెట్టాడు. పేరు, వయసు, ఊరు. 'కార్నియా' దగ్గర తడబడ్డాడు. అదేంటని నన్నడిగాడు. కంటి నల్లగుడ్డు మీది అద్దం లాంటి పొర అని చెప్పాను. ఆ మాటను ఆమెకు మళ్లీ తన మాటల్లో చెప్పాడు. చివరి దాకా చదివి, పెన్ను కోసం జేబు తడుముకున్నాడు.

"ఉండు. మళ్లోసారి సదువు" అంది అత్త.

మామ మొదటి లైనుకు వెళ్లాడు.